సరుకుకు పన్ను లేదు, చోటుకు హద్దు ఉంది
రేవు పట్టణాల అంగళ్ళు – 9: సింగపూర్

సింగపూర్ వెళ్తున్నామని చెప్పగానే తెలిసినవాళ్ళు ముందు అందించేది అంగళ్ళ జాబితానే. అర్ధరాత్రి అయినా ముస్తఫా తెరిచే ఉంటుందని ఒకరంటారు. ఆర్చర్డ్ రోడ్డు చూడకపోతే వెళ్ళి ఏం లాభమని ఇంకొకరంటారు. బట్టల తానులకు అరబ్ స్ట్రీట్, పూలకూ బంగారానికీ సెరంగూన్ రోడ్డు, ఇంటికి తెచ్చుకునే చిన్న కానుకలకు చైనాటౌన్. ఈ సలహాలు ఒకరినుంచి ఒకరికి చేరుతూ ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నాయి, చాలావరకు సరైనవే కూడా. వాటి అడుగున ఉన్న ప్రశ్నను మాత్రం ఎవరూ పెద్దగా తడమరు. తూర్పు నుంచి పడమరకు 50 కిలోమీటర్లు ఉన్న ఈ ద్వీపంలో బట్ట అక్కడే ఎందుకు దొరుకుతుంది, పూలు ఇక్కడే ఎందుకు దొరుకుతాయి? గత సంచికలో పినాంగ్‌ను చూశాం. 1786లో మొదలైన ఆ రేవుకు పన్నుల మినహాయింపే ప్రాణమని చెప్పుకున్నాం. సింగపూర్‌కు కూడా అదే సమాధానం చెప్పడం అలవాటుగా మారింది. పన్ను లేదు, సరుకు వచ్చింది, బజారు వెలసింది అంటారు. ఆ సమాధానం సగమే చెబుతుందని నా అభిప్రాయం. పన్ను లేకపోవడం సరుకును ఒడ్డుకు చేర్చింది. ఒడ్డు చేరిన సరుకు ఏ వీధిలో నిలబడాలో తేల్చింది నేల: దాన్ని పంచిన చేయి, కొలిచిన గొలుసు, అద్దె కట్టిన చట్టం.

మొదటినుంచీ వద్దాం. 1819 ఫిబ్రవరి 6న స్టాంఫర్డ్ రాఫిల్స్ సుల్తాన్ హుస్సేన్ షాతో, స్థానిక మలయ్ అధిపతి తెమెంగ్గాంగ్ అబ్దుల్ రహమాన్‌తో ఒప్పందం చేసుకుని నది ముఖద్వారంలో ఈస్టిండియా కంపెనీ తరఫున వర్తక స్థావరం పెట్టాడు. ఓడలు తెచ్చిన సరుకు మీద సుంకం లేదు. డచ్చివాళ్ళ రేవుల్లో పన్నులు కట్టి విసిగిన బుగిస్ నావికులు, చైనా వర్తకులు, దక్షిణ భారతం నుంచి వచ్చిన చూలియా ముస్లింలు ఇటు తిరిగారు. 1824 జనవరి లెక్కల నాటికే ఊళ్ళో 10,683 మంది ఉన్నారు. కోరమండల్ తీరపు బట్ట ఈ సముద్రాలకు కొత్త కాదు. మచిలీపట్నం అద్దకపు బట్టలు అంతకు 200 ఏళ్ళ ముందే సుగంధ ద్రవ్యాలకు మారకంగా ఈ దీవులకు చేరేవి. దక్షిణ భారతం నుంచి వచ్చినవాళ్ళను మలయ్ ప్రజలు పిలిచిన ‘కెలింగ్’ అనే పేరుకు మూలం మన కళింగమే. తర్వాతి కాలంలో ఆ మాటకు చిన్నచూపు అంటుకుంది, నేడు దాన్ని మర్యాదగల మాటగా ఎవరూ వాడరు. అయినా ఆ పేరులో పాత వర్తకపు ఆనవాలు మిగిలే ఉంది. సరుకు నిలవచేసే చోటును మలయ్‌లో ‘గుడాంగ్’ అంటారు. ఆ మాటను మన ‘గిడ్డంగి’తో, తమిళ ‘కిడంగు’తో ముడిపెట్టే భాషావేత్తలున్నారు. దుకాణానికి వాళ్ళ ‘కెడై’ తమిళ ‘కడై’ నుంచి వచ్చిందే. సరుకుతోపాటు సరుకు పెట్టుకునే చోటు పేరు కూడా సముద్రం దాటింది.

కొత్త రేవులో అందరికంటే ముందు అంగడి పెట్టిన భారతీయుల్లో నారాయణ పిళ్ళై ఒకడు. 1819లో రాఫిల్స్‌తోపాటే పినాంగ్ నుంచి వచ్చాడు. తంజొంగ్ పగార్ దగ్గర ఇటుక బట్టీ పెట్టాడు, క్రాస్ స్ట్రీట్‌లో నూలుబట్టల అంగడి తెరిచాడు. 1822లో ఆ అంగడి నిప్పంటుకుని కాలిపోయింది, పిళ్ళై అప్పుల్లో పడ్డాడు. అప్పుడు ఆయన రాఫిల్స్ సాయం కోరాడు. ఆయనకు దొరికింది కొత్తగా వెలుస్తున్న కమర్షియల్ స్క్వేర్‌లో స్థలం. ఈ చిన్న ఘటన నా వాదనకు మొదటి సాక్ష్యం. నిండా మునిగిన వర్తకుణ్ణి మళ్ళీ నిలబెట్టినది అందరికీ ఉన్న పన్నుల మినహాయింపు కాదు, ఆయనకు కేటాయించిన ఒక జాగా. ఆ జాగా కూడా ప్రకృతి ఇచ్చినది కాదు. నది దక్షిణ ఒడ్డున ఉన్నది చిత్తడి నేల. పక్కనున్న గుట్టను తవ్వి ఆ మట్టితో చిత్తడిని పూడ్చి కమర్షియల్ స్క్వేర్‌ను తయారుచేశారు. 1858లో దాని పేరు రాఫిల్స్ ప్లేస్‌గా మారింది. తర్వాత వంద సంవత్సరాలకు పైగా ఊళ్ళోని పెద్ద దుకాణాలన్నిటికీ అదే చిరునామా. జాన్ లిటిల్, రాబిన్సన్స్ వంటి సంస్థలు పెరిగింది గుట్ట తవ్వి పోసిన ఆ మట్టి మీదే.

అదే 1822 నవంబరులో రాఫిల్స్ పట్టణ కమిటీ వేశాడు. లెఫ్టినెంట్ ఫిలిప్ జాక్సన్ గీసిన పటంలో ఎవరెవరు ఎక్కడుండాలో రాసి ఉంది. నదికి దక్షిణాన చైనీయులు, నది ఎగువన చూలియాలు, తూర్పున సుల్తాన్ నివాసం చుట్టూ కాంపాంగ్ గ్లామ్‌లో అరబ్బులు, బుగిస్‌లు, వాళ్ళకూ ప్రభుత్వ భవనాలకూ మధ్య యూరోపియన్లు. ఇళ్ళ ముఖాలు ఎలా ఉండాలో కూడా ఆ ఆదేశాలు చెప్పాయి. వీధికి ఇరువైపులా ప్రతి కట్టడానికీ ముందు ఒక పంచ ఉండాలి. అన్ని పంచలూ కలిసి, ఎండకూ వానకూ నీడపట్టున నడిచే ఒకే దారి కావాలి. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల లోపున్న ఊళ్ళో, ఏ పూట వాన దిగుతుందో తెలియని చోట, ఈ నియమం ఎంత ముందుచూపుదో నేటికీ అక్కడ నడిచేవాళ్ళకు తెలుస్తుంది. మలయ్‌లో దాన్ని ‘కాకి లీమా’ అన్నారు, అంటే ఐదడుగులు. కింద కొట్టు, మీద కాపురం, ముందు ఐదడుగుల పంచ, ఇరుకైన ముఖం, లోపలికి పొడుగు. ఈ ఇంటి రూపమే సింగపూర్ చిల్లర వర్తకానికి మూస పోసింది.

అయితే శాసనం రాసిన చేయి అనుకున్నదొకటి, వర్తకుడి చేయి చేసినదొకటి. పంచ నడిచేవాళ్ళకని కంపెనీ అనుకుంది. కొట్టువాడు దాన్ని తన గుమ్మంగా చూశాడు. బుట్టలు బయటికొచ్చాయి, బల్లలు వచ్చాయి. మంగలి, చెప్పులు కుట్టేవాడు, జాతకం చెప్పేవాడు ఆ ఐదడుగుల్లోనే కూర్చున్నారు. 1888లో పురపాలక సంఘం పంచలను ఖాళీ చేయించడానికి పూనుకునేసరికి కొట్లు మూతపడ్డాయి, వీధుల్లో రాళ్ళు లేచాయి. ‘వరండా అల్లర్లు’ అని చరిత్రలో పేరు పడినవి ఇవే. చివరికి పురపాలక సంఘమే మెత్తబడి రాజీకి వచ్చింది. ఈ అల్లర్లను శాంతిభద్రతల సమస్యగా రాసి వదిలేయడం నాకు న్యాయంగా తోచదు. ఒక అంగడి హద్దు ఎక్కడ ముగుస్తుంది, బాట ఎక్కడ మొదలవుతుంది అన్నదాని మీద ఊరు మొత్తం తగువుపడింది. సరుకు మీద పన్ను వేస్తారన్న భయంతో పుట్టిన గొడవ కాదది. ఐదడుగుల నేల కోసం పుట్టింది. మనుషులు దేనికోసం రాళ్ళెత్తుతారో చూస్తే వాళ్ళ బతుకు దేనిమీద నిలబడి ఉందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. మనుషులు తమ భాష, తమ దైవం, తమ తిండి ఉన్నచోటనే గుమిగూడతారు కదా, పటం గీయకపోయినా తమిళులు ఒకచోట, చైనీయులు ఒకచోట చేరేవాళ్ళే కదా అని. ఇందులో నిజం ఉంది. కానీ ఆ నిజం ఎంతవరకు వర్తిస్తుందో వీధుల పేర్లే చెబుతాయి. నేడు యాత్రికులు చైనాటౌన్ అనుకుని కానుకలు కొనే నడిబొడ్డు పగోడా స్ట్రీట్. ఆ పగోడా చైనా గుడి కాదు, 1827లో నారాయణ పిళ్ళై కట్టించిన మారియమ్మన్ ఆలయ గోపురం. పక్కనున్న టెంపుల్ స్ట్రీట్‌దీ ఆ ఆలయం పేరే. ఇటువైపున్న మాస్క్ స్ట్రీట్‌కు పేరిచ్చినది చూలియాల జామే మసీదు. టెలోక్ అయర్ వీధిలో నాగూర్ దర్గా, చైనీయుల థియాన్ హాక్ కెంగ్ ఆలయం దాదాపు ఇరుగుపొరుగున లేచాయి. మనుషులు తమంతట తామే విడివిడిగా గుమిగూడి ఉంటే ఈ కలగాపులగం రాదు. పటం గీసిన గీతలు మొదట్లోనే చెరిగాయనడానికి ఇది సాక్ష్యమే, ఆ సంగతి ఒప్పుకోవాలి. అయినా గీతలు చెరిగాక వర్తకులు ఎటు కదిలారో చూస్తే మళ్ళీ నేలే ముందుకొస్తుంది.

సెరంగూన్ రోడ్డు 1822 పటంలో భారతీయుల వాడ కాదు. వాళ్ళకు రాసిపెట్టినది నది ఎగువన ఉన్న చూలియా కాంపాంగ్. ఆ చుట్టుపట్ల మార్కెట్ స్ట్రీట్‌లో నాట్టుకోట్టై చెట్టియార్లు వడ్డీ వ్యాపారం చేసుకున్న ఉమ్మడి కొట్టడీలను ‘కిట్టంగి’ అనేవారు. మన గిడ్డంగి మాటే అక్కడ డబ్బు నిలవచేసే చోటయింది. సెరంగూన్ వైపు జనాన్ని లాగినది గుడీ కాదు, భాషా కాదు. గడ్డీ నీళ్ళూ. రోచోర్ నది పక్కన పల్లపు నేల, పశువులు మేయడానికీ పొర్లడానికీ అనువైన చోటు. కలకత్తాలో పుట్టిన యూదు వర్తకుడు బెలీలియోస్ అక్కడ పశువుల వ్యాపారాన్ని పెద్దయెత్తున నడిపాడు, ఆయన పేరు ఒక వీధికి నిలిచింది. బఫెలో రోడ్డు పేరులో గేదె ఉంది. కెర్బౌ రోడ్డులో ఉన్నదీ గేదే, మలయ్‌లో. గేదెల దొడ్డి అని అర్థమొచ్చే ‘కండాంగ్ కెర్బౌ’ నేటికీ ఒక పెద్ద ఆసుపత్రి పేరులో ఉంది. సున్నపు బట్టీలుండడం వల్ల తమిళులు ఆ ప్రాంతాన్ని ‘సుణ్ణాంబు కంబం’ అన్నారు, సున్నం వాడ అని. పశువుల వెంట కాపరి వచ్చాడు, పాలవాడు వచ్చాడు, దాణా కొట్టు వచ్చింది, తోళ్ళ పని వచ్చింది. వాళ్ళకు పప్పూ బియ్యం అమ్మే కొట్టు, పూజకు పూలమ్మే బల్ల వచ్చాయి. 1915లో టెక్కా మార్కెట్ కట్టారు. ఆ తర్వాత చిత్తడిని పూడ్చడం, పురపాలక నియమాలు బిగియడం కలిసి పశువులను అక్కడినుంచి వెళ్ళగొట్టాయి. గేదెలు పోయాయి, వాటి వెంట వచ్చిన అంగళ్ళు మిగిలాయి. నేడు ఉగాదికి వేపపువ్వూ మామిడాకులూ వెతుక్కుంటూ టెక్కాకు వెళ్ళే సింగపూర్ తెలుగువాళ్ళు నిజానికి ఒక పాత గేదెల దొడ్డి అంచున బేరం చేస్తున్నారు.

ముస్తఫా కథ కూడా ఈ నేలలోనే మొలిచింది. 1971లో క్యాంప్‌బెల్ లేన్‌లో చిన్న బట్టల కొట్టుగా మొదలై, సెరంగూన్ ప్లాజాకు మారి, 1995లో సయ్యద్ ఆల్వీ రోడ్డులో పెద్ద భవనంగా లేచింది. దాని విజయానికి యజమాని చొరవ, తక్కువ లాభం, పొద్దస్తమానం తెరిచి ఉంచడం కారణాలని అందరూ చెబుతారు, అవన్నీ నిజాలే. వాటితోపాటు చూడాల్సినది ఇంకొకటుంది. ఆ చుట్టుపక్కల చిన్న కొట్లు అంతకాలం ఎలా బతికాయి? యుద్ధం ముగిశాక 1947లో తెచ్చిన అద్దె నియంత్రణ చట్టం పాత కట్టడాల అద్దెలను కట్టేసింది. ఊరి మధ్యలో, కోట్ల విలువచేసే నేల మీద, మాలలు కట్టేవాడూ కంసాలీ మూలికల వైద్యుడూ పాత అద్దెకే కూర్చోగలిగారు. యజమానులకు అది అన్యాయంగానే తోచింది. వచ్చే అద్దె మరమ్మతుకు కూడా చాలక ఎన్నో ఇళ్ళు శిథిలమయ్యాయి, ఆ నష్టాన్ని కాదనలేం. కానీ ఆ చట్టమే లేకుంటే కాపాడదగిన పాత బజారంటూ మిగిలేది కాదు. 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా, కాంపాంగ్ గ్లామ్‌లను పరిరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. అద్దె నియంత్రణను క్రమంగా సడలించి 2001లో ఎత్తేశారు. గోడలు నిలిచాయి, రంగులు తేటపడ్డాయి. అద్దెలు పెరిగి చాలా పాత కొట్లు ఖాళీ అయ్యాయి. కట్టడాన్ని కాపాడే చట్టం, అందులోని వృత్తిని కాపాడే చట్టం రెండూ ఒకటి కావు. మొదటిది వచ్చిన రోజుల్లోనే రెండోది పోయింది. ఈ వరస మీద ఇంకా చాలా చర్చ జరగవలసి ఉందని నా నమ్మకం.

మరి ఆర్చర్డ్ రోడ్డు? అక్కడ పాత వాడ లేదు, గుడి వీధి లేదు, అద్దాల భవనాలే. నా వాదన అక్కడ వీగిపోతుందని ఎవరైనా అనవచ్చు. నాకైతే అన్నిటికంటే గట్టి సాక్ష్యం అక్కడే కనిపిస్తుంది. 1830లు, 40లలో ఆ దారి పొడవునా జాజికాయ తోటలుండేవి. రోడ్డుకు ఆ పేరు వచ్చినది తోటల వల్లే. 1850లలో తెగులు సోకి తోటలు నాశనమయ్యాయి. చెట్లు పోయినా తోటల నాటి పెద్ద పెద్ద కమతాలు ముక్కలు కాలేదు. వాటిలో బంగళాలు వెలిశాయి. టియోచూ చైనీయుల సంఘమైన న్గీ ఆన్ కాంగ్సీకి అక్కడ విశాలమైన శ్మశానం ఉండేది. చైనాటౌన్‌లో ఒక్కో కొట్టు ముఖం దూలపు పొడవును మించదు. పెద్ద మాల్ కట్టాలంటే అక్కడ పదుల మంది యజమానులను ఒప్పించాలి. ఆర్చర్డ్ రోడ్డులో ఒక్క యజమాని చాలు. లేసుగుడ్డలు, కుట్టుపని బట్టలు ట్రంకుపెట్టెలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మిన సి. కె. టాంగ్ 1958లో ఆ శ్మశానానికి ఎదురుగా, చైనా రాజప్రాసాదపు తీరులో పచ్చ పెంకుల కప్పుతో దుకాణం కట్టినప్పుడు అది అశుభమని చాలామంది భయపెట్టారు. 1972 నవంబరులో రాఫిల్స్ ప్లేస్‌లోని రాబిన్సన్స్ అగ్నిప్రమాదంలో తొమ్మిదిమంది చనిపోయారు. ఆ తర్వాత ఆ సంస్థ కూడా ఆర్చర్డ్ రోడ్డుకే చేరింది. శ్మశానం ఉన్న నేల మీద 1993లో న్గీ ఆన్ సిటీ లేచింది. ఇదే రోడ్డులో మాల్‌ల మధ్య ఒక పచ్చని ఆవరణ కనబడుతుంది. 1890లలో సయాం రాజు కొన్న స్థలమది, నేటికీ థాయ్ రాయబార కార్యాలయం అక్కడే ఉంది. గిరాకీ ఒక్కటే అంగళ్ళను పుట్టిస్తే ఆ చోట ఎప్పుడో ఇంకో మాల్ లేచి ఉండేది. యజమాని అమ్మలేదు, కాబట్టి అంగడి రాలేదు.

స్వతంత్రం వచ్చాక నేలను పంచే చేయి మరింత బలపడింది. 1966 భూసేకరణ చట్టంతో ప్రభుత్వం పెద్దయెత్తున స్థలాలు సేకరించింది. 1980ల నడుమ నాటికి ద్వీపంలో నాలుగింట మూడొంతుల నేల దాని చేతిలో ఉంది. 1967 నుంచి స్థలాలను 99 ఏళ్ళ లీజుకు వేలం వేస్తూ, ఎక్కడ అంగళ్ళు రావాలో, ఎంత ఎత్తున రావాలో ముందే రాసిచ్చింది. 1966 చివర్లో కాలిపోయిన పీపుల్స్ పార్క్ బజారు స్థలంలో పీపుల్స్ పార్క్ కాంప్లెక్స్ వచ్చినది ఆ పద్ధతిలోనే. బజారు కలివిడిని ఒకే కప్పు కిందికి తేవాలన్న ఆలోచన అందులో స్పష్టంగా కనిపిస్తుంది. వీధుల్లో తిండీ కూరగాయలూ అమ్మేవాళ్ళకు మొదట లైసెన్సులిచ్చి, తర్వాత నీళ్ళూ కాలువలూ ఉన్న కేంద్రాల్లోకి తరలించారు. 1986 నాటికి అలా తరలినవాళ్ళు దాదాపు 18,000 మంది. ఊరు శుభ్రపడింది, రోగాలు తగ్గాయి, ఈ మేలును తక్కువ చేయడం సరికాదు. ఆ కేంద్రాల తిండి సంస్కృతిని 2020లో యునెస్కో గుర్తించింది.

పన్నుల మినహాయింపు వాదాన్ని నేటి లెక్కతో కూడా సరిచూడవచ్చు. మద్యం, పొగాకు, వాహనాలు, ఇంధనం మినహా దేనిమీదా దిగుమతి సుంకం లేదన్న మాట నేటికీ నిజమే. కానీ 1994లో 3 శాతంతో మొదలైన వస్తుసేవల పన్ను 2024 నుంచి 9 శాతం. పన్ను వాపసు పథకంలో ఉన్న దుకాణంలో 100 డాలర్లకు తగ్గకుండా కొని, సరుకును వెంట తీసుకెళ్ళే యాత్రికుడు విమానాశ్రయంలో దాన్ని తిరిగి కోరవచ్చు. చౌక అనే పాత ఆకర్షణ చాలా సరుకుల్లో కరిగిపోయింది. అయినా వీధుల తీరు చెదరలేదు. అందుకే సింగపూర్‌లో ఎక్కడ కొనాలని అడిగేవాళ్ళకు ధరల పట్టికకంటే నేల కథ ఎక్కువ అక్కరకు వస్తుంది. హజ్ ఓడలెక్కే యాత్రికులు పోగయిన కాంపాంగ్ గ్లామ్‌లో తానుబట్టలు, బాతిక్, అత్తరు చూడాలి. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో 1910 నుంచి మూలికలమ్ముతున్న యూ యాన్ సాంగ్ వంటి కొట్లలో చైనా మందు దినుసులు అడగాలి. పూలు, మసాలాలు, బంగారం పాత గేదెల దొడ్డి దగ్గర కొనాలి. ప్రపంచమంతా దొరికే బ్రాండ్లు మాత్రం జాజితోటల దారిలో దొరుకుతాయి. వాటి కోసం ఇంత దూరం రానవసరం లేదన్నది నా మాట.

ఆ పాత దొడ్డికి కూతవేటు దూరంలో, సుంగై రోడ్డులో, 1930ల నుంచి ఒక బజారు నడిచింది. ‘దొంగల బజారు’ అని దానికి పేరు. పాత గడియారాలు, రేడియోలు, పింగాణీ, వాడిన బట్టలు, విడిభాగాలు నేలమీద గుడ్డ పరిచి అమ్మేవాళ్ళు. వాళ్ళకు అద్దె లేదు, గోడ లేదు, పైకప్పు లేదు. అమ్మేవాళ్ళలో చాలామంది ముసలివాళ్ళు. 2011లో మెట్రో స్టేషన్ పనుల కోసం బజారును సగానికి కుదించారు. 2017 జూలై 10న పూర్తిగా మూసేశారు. కొందరికి వేరే చోట్ల బల్లలు చూపించారు. పాత గడియారం అమ్మకూడదని ఆ రోజు ఏ చట్టమూ రాలేదు, దానిమీద సుంకమూ పడలేదు. అమ్మడానికి గుడ్డ పరుచుకునే నేల ఒక్కటే లేకుండా పోయింది.